అండాలో తల

మొన్న రెడ్డియార్‌పాళయంలో ఒక పెళ్ళి భోజనంలో వడ్డించే అతని చేతిలోంచి సాంబారు బకెట్ జారి నేలమీద పడింది. బంతిలో కూర్చున్నవాళ్ళంతా ఉలిక్కిపడ్డారు. పక్కాయన తన తెల్లచొక్కా చూసుకున్నాడు. ఎదుటి వరసలో ఒక చంటిపిల్ల ఏడుపు లంకించుకుంది. నాకు మాత్రం ఆవలింత వచ్చింది. కళ్ళు వాటంతట అవే మూతపడ్డాయి, భుజాలు జారాయి, ఊపిరి బొడ్డు దాకా వెళ్ళి తీరిగ్గా తిరిగొచ్చింది. మా ఆవిడ మోచేత్తో పొడిచి, "ఏందిది? ఆకు ముందర కూర్చోని నిద్రా?" అంది.

కళ్ళు తెరిచి చూస్తే బకెట్ దొర్లుకుంటూ నా కాళ్ళ దగ్గరికే వచ్చి ఆగింది. అంచు కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన రెండు ఇంగ్లీషు అక్షరాలున్నాయి. అత్త కొట్టు సామాను. అత్త పోయి అప్పటికి నాలుగు నెలలు. పాయసం వచ్చింది, వద్దన్నాను. నేను పాయసం వద్దనడం మా పెళ్ళయ్యాక అదే మొదటిసారి కాబట్టి మా ఆవిడ కూడా బకెట్ వైపు చూసింది.

అత్త అంటే మేనత్త కాదు. కోసపాళయంలో పెళ్ళిళ్ళకు వంటపాత్రలు అద్దెకిచ్చే కొట్టు ఆమెది. ఆ చుట్టుపక్కల తెలుగు మాట్లాడే ఇళ్ళన్నిటికీ ఆమె అత్తే. ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అత్తా అనే పిలిచేవారు, ఆమె పలికేది. పేరు రాయను. కాగితం మీద తన పేరు కనపడిందంటే అది కరెంటు బిల్లన్నా కావాలి, కోర్టు నోటీసన్నా కావాలి అని ఆమె నమ్మకం. రాసినా ఆమె చదవగలిగేది కాదు లెండి. ఈ తమిళ ఊళ్ళో మా ఇళ్ళల్లో తెలుగు నోటితోనే బతుకుతోంది, అక్షరాలు వచ్చినవాడు వీధికొకడుంటే గొప్ప. ఒకసారి నేను తెలుగు పత్రిక చదువుతుంటే వెనకనుంచి తొంగిచూసి, "ఇదా మన బాస? అంతా చుట్టలు చుట్టుకోని ఉండాదే! మాట్లాడేటప్పుడు ఇంత వంకర లేదు కదరా నైనా" అని నిజంగానే బాధపడింది.

మనిషి పొట్టి. గొంతు మాత్రం పొట్టిది కాదు. కొట్లో కూర్చుని తనలో తాను ఏదైనా అనుకుంటే బస్టాపులో ఉన్నవాళ్ళు జవాబు చెప్పేవారు. ఎవరికైనా రహస్యం చెప్పాల్సి వస్తే ముందు వాళ్ళ చెయ్యి పట్టుకునేది. చెయ్యి పట్టుకుంటే అది రహస్యం అని లెక్క. వినడం ఊరంతా వినేది.

ఆమెను చూడాలంటే పెళ్ళి అయిన మర్నాడు, సామాను తిరిగి వచ్చే వేళలో చూడాలి. బండి దిగిన ఒక్కొక్క పాత్రనూ కుడిచేతి చూపుడువేలి కణుపుతో ఠంగుమని కొట్టి, తల పక్కకు వంచి వినేది. కళ్ళతో చూసేది కాదు. నేను ఒకసారి అక్కడే ఉన్నాను. ఖాకీ చొక్కా వేసుకున్న ఒక పెళ్ళికూతురి తండ్రి, "అన్నీ బద్రంగా ఉండాయి అత్తా" అంటున్నాడు. అత్త ఒక గుండిగను కొట్టి ఆగిపోయింది.

"దీనిమీద ఎవురో కూర్చున్నారు."

"లేదత్తా, ఒట్టు."

అత్త ఇంకోసారి కొట్టింది. "కూర్చున్నారు. లావుపాటి మనిషి. కాసేపు కాదు, ఒక గంట కూర్చున్నాడు."

ఆయన కాళ్ళవైపు చూసుకుని, "మా పెద్దబావ అత్తా. కుర్చీలు చాల్లేదు" అన్నాడు.

ఆ వేలికణుపు పాత్రలతో ఆగేది కాదు. కొబ్బరికాయను కొట్టేది, కొత్తగా కట్టిన గోడను కొట్టేది, పెళ్ళిచూపులకు వచ్చిన పిల్లవాడి వీపును కూడా కొట్టి వినేది. "గట్టి సరుకే, ఇచ్చేయండి" అని ఆమె చెప్పాక ఇంకా జాతకాలు చూపించుకున్నవాళ్ళు ఉన్నారుగానీ, మనసులో నమ్మింది మాత్రం అత్త కణుపునే.

ఇలాంటి మనిషి సౌండ్ హీలింగ్‌లోకి ఎలా దిగిందంటే, అందులో ఆమె తప్పేమీ లేదు. బీచ్ వైపు వీధుల్లో యోగా, ధ్యానం నేర్పే చోట్లు చాలానే ఉన్నాయి. అక్కడ పాఠాలు చెప్పే ఒక అమ్మాయి, ఏదో ప్రత్యేక కార్యక్రమానికి పెద్ద ఇత్తడి పాత్రలు కావాలని అద్దెకు అడిగింది. కొత్తవాళ్ళకు సామాను ఒంటరిగా పంపే అలవాటు అత్తకు లేదు. పాత్రలతోపాటు ఆటో ఎక్కి తనూ వెళ్ళింది. అక్కడ అందరూ చాపల మీద పడుకుంటే తనూ పడుకుంది. ఆ అమ్మాయి చిన్న కంచుగిన్నెల అంచుల్ని కర్రతో గీకుతూ, మెల్లగా తడుతూ తిరిగింది. మన ఆందోళనలన్నీ నాదంలో కరిగిపోతున్నాయి అని చెబుతూ ఉంది. అయిదు నిమిషాల్లో అత్త గుర్రు మొదలైంది. అక్కడున్నవాళ్ళు అది కూడా కార్యక్రమంలో భాగమే అనుకుని ఆ గుర్రుకు తగ్గట్టు ఊపిరి పీల్చి వదిలారట. చివర్లో ఇద్దరు వచ్చి అత్త కాళ్ళకు దండం పెట్టారు.

ఇంటికి వచ్చాక అత్త మూడు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దానికి వీధి కంగారుపడింది. నాలుగో రోజు కొట్టుకు వచ్చిన ప్రతివాళ్ళ దగ్గరా అదే మాట.

"ఇంతమాత్రం గిన్నె. దాంట్లో పెరుగు తోడేస్తే ఇద్దురికి చాలదు. దాన్ని గీకితే అంతమంది ఏడ్చి, నవ్వి, లేచినారు. వెయ్యిమందికి సాంబారు కాసిన నా అండా ఒక మనిషికి నిద్ర పెట్టలేదా? నువ్వే చెప్పు."

అప్పుడు ఆడి మాసం వచ్చింది. మన ఆషాఢంలాగే మా ఊళ్ళో ఆ నెలలో పెళ్ళిళ్ళుండవు. పాత్రలన్నీ కొట్టు వెనక రేకుల షెడ్డులో బోర్లా పడుకుని ఉంటాయి. అత్తకు చేతినిండా తీరిక. కొట్టు బోర్డు మీద అంతవరకూ తమిళంలో రెండే వాక్యాలుండేవి: వంటపాత్రలు అద్దెకు ఇవ్వబడును, పాత్రలు తోమి ఇవ్వవలెను. మధ్యలో ఖాళీ ఉందని పెయింటర్‌ను పిలిపించి అక్కడ "భయం తీయబడును" అని రాయించింది. వాడు జాగా చూసి రాశాడుగానీ అర్థం చూసి రాయలేదు. చివరికి బోర్డు చదివితే, భయం తీయబడును, పాత్రలు తోమి ఇవ్వవలెను అని వచ్చింది. అత్త బోర్డును మార్పించకుండా పద్ధతినే మార్చేసింది. వైద్యం చేయించుకున్నవాళ్ళు ఏ పాత్రతో నయమైందో ఆ పాత్రను చింతపండు పెట్టి తళతళలాడేలా తోమి వెళ్ళాలి. అదే ఫీజు. ఆ నెల అయ్యేసరికి ఆమె సామానంతా అద్దాల్లా మెరిసింది. అసలు దానికోసమే ఈ నాటకమంతా అన్నవాళ్ళూ ఉన్నారు. నేను కూడా అన్నాను, నా వంతు వచ్చేదాకా.

వైద్యం చాలా తేలిక. వచ్చినవాళ్ళ నడినెత్తి మీద కణుపుతో ఒక్కటి కొట్టి వినేది. తర్వాత భయం కొలత చెప్పేది. చెంబు భయం, బిందె భయం, గుండిగ భయం, అండా భయం. పరీక్ష రాయబోయే పిల్లలది చెంబు భయం, చెవి దగ్గర చెంబు వాయిస్తే పోతుంది. అత్తగారు ఊరినుంచి వస్తోందంటే బిందె భయం. ఇల్లు కట్టేవాళ్ళందరిదీ గుండిగ భయం. ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చి పై అధికారి పేరు చెప్పేలోపలే వణికితే, ఆయన చుట్టూ ఇడ్లీ రేకులు పరిచి పదహారింటినీ వరసగా వాయించింది. ఆయన లేచి, మనసు చాలా తేలికగా ఉందని చెప్పి, పదహారు రేకులూ తోమి, సోమవారం సెలవు చీటీ పంపాడు.

నా సంగతికొస్తాను. నాకు కుడిచెవిలో సన్నగా ఈల మొదలైంది. కుక్కర్ ఈలలా మధ్యమధ్యలో కాదు, ఆగకుండా. మూడు నెలలు పట్టించుకోలేదు. తర్వాత చెవి డాక్టరు చూసి, లోపల ఏదైనా పెరుగుతోందేమో తెలియాలి, తలకు స్కాన్ తీయించండి అన్నాడు. ఆ గుండ్రటి సొరంగంలోకి పంపే స్కాన్. మొదటిసారి వెళ్ళినప్పుడు, భయమేస్తే నొక్కమని చేతికిచ్చిన రబ్బరు బుడ్డిని వాళ్ళు తలుపు వెయ్యకముందే నొక్కేశాను. రెండోసారి లోపలికి కూడా వెళ్ళలేదు. బట్టలు మార్చుకోమని పచ్చగౌను ఇస్తే అది వేసుకుని, ఇప్పుడే వస్తానని చెప్పి, ఎదురుగా టీ కొట్టు దాకా నడిచి వెళ్ళిపోయాను. టీ తాగుతుంటే వెనకనుంచి గాలి తగిలి ఒంటిమీద ఏముందో గుర్తొచ్చింది. ఆ గౌనుకు నాడాలు వెనకాల ఉంటాయి, వాటిని నేను కట్టుకోలేదు.

ఊళ్ళో నవ్వుకున్నారు. ఆఫీసులో టపాలు పంచేటప్పుడు నాకు పచ్చరంగు కవరే ఇచ్చేవారు. నేనూ నవ్వాను. కానీ నిజం చెప్పాలంటే నా భయం సొరంగం గురించి కాదు. అందులోకి వెళ్తే లోపల ఏదో ఉందని తెలిసిపోతుంది. తెలియనంతసేపూ నేను బాగున్నవాణ్ణే. మా అమ్మాయి ఆ ఏడు ప్లస్ టూ. దాని పుస్తకాలకు అట్టలు వేస్తూ, ఇవి ఎన్నాళ్ళు వేస్తానో అని కళ్ళనీళ్ళు పెట్టుకున్న రోజులున్నాయి. డాక్టరు మూడోసారి తేదీ ఇచ్చి, ఇక ఆలస్యం చెయ్యొద్దన్నాడు. సోమవారం. ఆదివారం పొద్దున మా ఆవిడ నటేశన్ నగర్ నుంచి నన్ను స్కూటర్ మీద ఎక్కించుకుని నేరుగా అత్త షెడ్డు ముందు దింపింది.

అత్త నా నడినెత్తి మీద కొట్టింది. తల వంచి వింది. మళ్ళీ కొట్టింది. ఆమె గుండిగలో సొట్ట కనిపెట్టడం నేను చూసినవాణ్ణి.

"ఏమైనా ఉందా అత్తా?"

"అది చెప్పేదానికి నేనేమన్నా డాక్టర్నా? నీది అండా బయం. పండుకో."

షెడ్డులో అన్నిటికంటే పెద్ద అండాను అడ్డంగా దొర్లించి, రెండువైపులా ఇటుకలు పెట్టింది. లోపల పాత దుప్పటి పరిచింది. "మిషన్ కూడా ఇట్లనే కదా ఉంటాది? తల లోపల పెట్టు. ఈ పొద్దు దీంట్లో ఉండగలిగితే రేపు దాంట్లో ఉంటావు. లేదంటే ఆ గౌను ఏసుకోని మళ్ళా టీ కొట్టుకు పో." మా ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను నడుం దాకా అండాలోకి దూరాను. లోపల చీకటి. కొన్ని వందల పెళ్ళిళ్ళ సాంబారు వాసన. అత్త తెడ్డుకు గుడ్డ చుట్టి అండా అడుగున మెల్లగా కొట్టింది.

మొదటి దెబ్బకు నేను లేచి కూర్చోబోయి నుదురు బొప్పి కట్టించుకున్నాను. రెండోదానికి పళ్ళు జిల్లుమన్నాయి. మూడో నాలుగో దెబ్బలనుంచి అది దెబ్బలా లేదు. ఘూం అని పుట్టి, గోడల వెంట తిరిగి, నా ఎదలోకి దిగి, మడమల దగ్గరకు వెళ్ళి ఆగేది. ఆగేలోపల ఇంకొకటి. కాసేపటికి నాకు ఒక సంగతి తట్టింది. చెవిలో ఈల లేదు. ఉందో లేదో, ఆ మోతలో వినపడటం లేదు. ఇన్ని నెలల తర్వాత నా తల నాకు తిరిగొచ్చినట్టు అనిపించింది. ఏడ్చాను. లోపల ఎవరు చూస్తారు? అత్త తాళం వేగం పెంచింది, గుడ్డ జారిపోయిందేమో, కట్టె నేరుగా అంచుమీద పడి కణకణలాడింది. నేను హాయిగా నిద్రపోయాను.

మెలకువ వచ్చింది ఎవరో నా కాలు తొక్కితే.

"ఏంమా, ఇంకా పొయ్యడం లేదా? ఎంతసేపు నిలబడేది?" అని ఆడగొంతు తమిళంలో అడుగుతోంది.

జరిగింది ఏమిటంటే, ఆడి మాసంలో ఆదివారాలు మా వీధుల్లో మారియమ్మకు కూళు కాస్తారు. మన అంబలే. పెద్ద అండాల్లో కాచి, గరిటెతో అంచుమీద కణకణా వాయిస్తే చాలు, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళంతా చెంబులూ పిడి ఉన్న తూక్కు గిన్నెలూ పట్టుకుని వచ్చేస్తారు. అత్త తాళానికి కోసపాళయం కదిలి వచ్చింది. నేను కాళ్ళు మాత్రం బయటపెట్టుకుని నిద్రపోతుంటే షెడ్డులోంచి వీధి మలుపు దాకా వరస. వరసలో ముందున్న ఆవిడ అండాలోకి తొంగిచూసి, నా నడుం చూసి, చెంబు జారవిడిచి అమ్మవారిని పిలిచింది. వెనకవాళ్ళు అదేదో పూనకం అనుకుని వాళ్ళూ గట్టిగా పిలిచారు. ఆ గోలకు నేను పాకుతూ వెనక్కి వచ్చేసరికి ఓ పాతికమంది నాకు చేతులు జోడించి ఉన్నారు. నా నుదుటి మీద బొప్పి, బొప్పికి అండా మసి. ఒక ముసలాయన, "సామీ, మా వాడికి ఉద్యోగం ఎప్పుడొస్తాది?" అన్నాడు.

మా ఆవిడ నవ్వీ నవ్వీ నేలమీద కూర్చుండిపోయింది. అత్త మాత్రం నవ్వలేదు. వరసను ఆ చివరనుంచి ఈ చివరకు చూసి, నా చెయ్యి పట్టుకుంది. అంటే రహస్యం.

"ఆడి మాసంలో గిన్నె పట్టుకోని వచ్చినోళ్ళను ఉత్తచేతులతో పంపితే అమ్మ నన్ను సుమ్మా ఇడస్తాదా? పక్క కొట్లో కేప్పిండి తేపో. ఈ అండాలో నీ తలకాయ పెట్టినావని ఎవురికీ చెప్పొద్దు."

వరసంతా విన్నది. ఒక్కరు కూడా కదలలేదు. మా ఆవిడ అండాను కడిగింది, నేను రాగిపిండి తెచ్చాను, అత్త పొయ్యి వెలిగించింది. ఉండలు కట్టకుండా కలిపే పని నాది. గంటంబావు తెడ్డు తిప్పాను. పొగ, చెమట, చుట్టూ జనం, "అడుగు అంటతాది, బాగా తిప్పు" అని పాతికమంది సలహాలు. రేపటి సంగతి ఒక్కసారి కూడా గుర్తురాలేదు. తాగినవాళ్ళు, బాగుందిగానీ పులుపు లేదే అన్నారు. కూళు పులవాలంటే పిండిని ముందురోజే నానబెట్టాలి. "రేపు రాండి, పులిసి ఉంటాది" అంది అత్త.

అందరూ వెళ్ళిపోయాక అండా తోముతూ కూర్చుంటే ఈల మళ్ళీ వినపడింది. దానితోపాటే సోమవారం కూడా.

"నేను పోనత్తా" అన్నాను.

"యాడికి?"

"స్కాన్‌కి."

అత్త నేను తోముతున్న అండాను చూసింది. "సరి, నేను కూడా వస్తా. లోపలికే వస్తా. నువ్వు ముందు ఆ మూలన మసి ఉండాది చూడు."

సోమవారం ముగ్గురం ఆటోలో వెళ్ళాం. స్కాన్ గదిలో మిషన్ పక్కన తోడు మనిషి ఒకరు కూర్చోవచ్చుగానీ ఒంటిమీద లోహం ఏదీ ఉండకూడదని టెక్నీషియన్ చెప్పాడు. ఇరవై అయిదేళ్ళ మర్యాదైన కుర్రాడు. అత్త నడుముకున్న సంచీ విప్పి బల్లమీద పెట్టడం మొదలుపెట్టింది. తాళాల గుత్తి, అడకత్తెర, సున్నం డబ్బా, పిన్నీసులు, ఒక గరిటె. ఆమెను పాటీ, అంటే అవ్వా, అని పిలుస్తూ ఆసుపత్రికి గరిటె ఎందుకని ఆ కుర్రాడు అడిగితే, "యాడ ఏం అవసరమొస్తాదో నీకు తెల్సునా?" అంది. గాజులు, కమ్మలు, మెడలో గొలుసు కూడా తీసింది. ఆ కుర్రాడు ఆమె ముఖంవైపు చూసి, "ముక్కుపుడక కూడా తియ్యాలి పాటీ" అన్నాడు.

అత్త చెయ్యి ముక్కుమీదికి వెళ్ళింది. ఏడో ఏట కంసాలి కుట్టి పెట్టిన రాళ్ళ పుడక అది. అరవై ఏళ్ళలో ఎప్పుడూ తియ్యలేదు. వేలూరులో కంటి ఆపరేషన్ చేసినప్పుడు కూడా, తీస్తే లేచి వెళ్ళిపోతానని డాక్టర్లను బెదిరించి దానిమీద ప్లాస్టరు వేయించుకుందట. "ఇది తీసేస్తే అద్దంలో నన్ను నేను గుర్తుపట్టనురా" అని ఒకసారి నాతోనే చెప్పింది.

నావైపు తిరిగింది. "నేను లేకుండా నువ్వు పోలేవా నైనా?"

పోగలనని చెబుదామనే నోరు తెరిచాను. "పోలేనత్తా" అని వచ్చింది.

అత్త ఆయాను పిలిచి కొబ్బరినూనె అడిగింది. మర బిగుసుకుపోయి ఉంది. మా ఆవిడ, ఆయా, అత్త, ముగ్గురూ మార్చి మార్చి తిప్పారు. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నా అత్త, "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూనే ఉంది. చివరికి ఊడి వచ్చింది. అక్కడ సన్నటి రంధ్రం, దానిచుట్టూ అరవై ఏళ్ళుగా ఎండ తగలని తెల్లటి చర్మం. అత్త వెంటనే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, నలుగురిలో నిలబడలేనట్టు గోడవైపు తిరిగింది. నాకు సిగ్గేసింది. ఇంత పని చేయించాక ఇక పారిపోవడానికి దారి లేదు.

చెవుల్లో పెట్టుకోమని ఇద్దరికీ దూది బిళ్ళలిచ్చారు. అత్త, "వినేదానికి వచ్చి చెవులు మూసుకుంటారా?" అని వద్దంది. ఆ కుర్రాడు బతిమాలి ఆమె చెవులమీద పెద్ద హెడ్‌ఫోన్ లాంటిది తగిలించాడు. నన్ను పడుకోబెట్టి, తలమీద పంజరంలాంటిది బిగించి, లోపలికి తోశారు. అత్త నా కాళ్ళ దగ్గర స్టూలు మీద కూర్చుని నా ఎడమకాలి బొటనవేలు గట్టిగా పట్టుకుంది. తలుపు మూసుకుంది. మిషన్ మొదలైంది.

టక టక టక అని ఒక మోత, తర్వాత రేకుమీద సుత్తితో కొట్టినట్టు ఇంకొకటి. నేను అండాను తలుచుకున్నాను. తెడ్డును, సాంబారు వాసనను తలుచుకున్నాను. ఏదీ పనిచెయ్యలేదు. రబ్బరు బుడ్డి చేతిలోనే ఉంది. నొక్కబోయాను. అప్పుడు తెలిసింది, నా కాలు వణుకుతోంది. కాదు, కాలు కాదు. కాలిని పట్టుకున్న చెయ్యి వణుకుతోంది.

అక్కడ పడుకునే నాకు ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. అత్త ఎప్పుడూ లిఫ్ట్ ఎక్కేది కాదు. వానాకాలంలో కూడా కొట్టు తలుపు దగ్గరకు వేసేది కాదు. ఇంట్లో మంచం ఉన్నా వసారాలోనే పడుకునేది. ఇంతమందిని పడుకోబెట్టి వాయించింది కదా, తన తల మాత్రం ఒక్కసారి కూడా అండాలో పెట్టలేదు. మూసిన గదంటే ఆమెకు అండా భయం. ఆ భయానికి అండా కొలత కూడా చిన్నదే. ఆ భయంతోనే వచ్చి, పుడక తీసి, తలుపు మూసిన గదిలో నాకోసం కూర్చుంది.

బుడ్డిని నొక్కలేదు. నేను నొక్కి బయటపడితే మళ్ళీ ఇంకో రోజు ఆమె ఈ గదిలో కూర్చోవాలి. బొటనవేలు మెల్లగా ఆడించాను. ఏం కాదత్తా, ఇంకొంచెంసేపే అన్నట్టు. ఆమె పట్టు బిగిసింది. మళ్ళీ ఆడించాను. మైకులోంచి ఆ కుర్రాడి గొంతు వచ్చింది: "సార్, దయచేసి కాలు కదపొద్దు." తర్వాత అరగంట సేపు, ఆమె చెయ్యి వణికినప్పుడల్లా నేను వేలిని ఆమె అరచేతికి అదిమి ఉంచాను. చెవిలో ఈల సంగతి, తలలో ఉందో లేదో తెలియని దాని సంగతి, ఆ అరగంటా నాకు పట్టలేదు. అత్త ఎప్పుడు బయటపడుతుందా అన్నదొక్కటే నా బెంగ.

తలుపు తెరుచుకోగానే అత్త నాకంటే ముందు బయటికి నడిచింది. గుమ్మం దాటి నాలుగు ఊపిరులు తీసుకుని, గొంతు సవరించుకుని, ఆ కుర్రాడితో అంది: "మీ మిషన్‌కి లోపల యాడనో సొట్ట ఉండాది అబ్బా. ఎడంపక్క. చూపించుకోండి." వాడు నిజంగానే తిరిగి మిషన్ వైపు చూశాడు.

రిపోర్టు రెండు రోజుల తర్వాత వచ్చింది. లోపల ఏమీ లేదు. ఈలతోనే బతకడం అలవాటు చేసుకోమన్నాడు డాక్టరు, చేసుకున్నాను. ఆ సాయంత్రం మాత్రం అదేదీ మాకు తెలియదు. కారిడార్‌లో బెంచీ మీద కూర్చుని అత్త పుడక పెట్టుకోవడానికి తంటాలు పడుతోంది. కాడ రంధ్రంలోకి దిగడం లేదు. మర రెండుసార్లు చేతిలోంచి జారింది. మా ఆవిడ మోకాళ్ళమీద వంగి బెంచీ కింద వెతికి తెచ్చింది.

"ఇంటికి పోయి పెట్టుకుందువులే అత్తా" అంది మా ఆవిడ.

"వీధిలో ఇట్ల యాడ నడిచేది?" అంది అత్త. ఆ మాట మెల్లగా అంది. ఆమె మెల్లగా మాట్లాడటం నేను విన్నది అప్పుడే.

పుడక నేను తీసుకున్నాను. ఆమె ముందు నేలమీద కూర్చుని, గడ్డం పట్టుకుని ముఖం వెలుతురు వైపు తిప్పాను. పచ్చగౌను ఇంకా ఒంటిమీదే ఉంది. ఆసుపత్రి అంతా చూస్తుండగా ముసలావిడ ముక్కులో వేలు పెట్టి మర కోసం వెతికాను.

"కదలొద్దత్తా."

"నేను యాడరా కదలతాండేది? నీ చెయ్యే వణకతాది" అంది అత్త, తన తల గడగడ వణుకుతుంటే.

నా చెయ్యి వణకలేదు. మర మూడు చుట్లు తిరిగి బిగుసుకుంది.